రెండు మేకలు, ఆరు కుండల కల్లు, ఒక లాంతరు

కాంగోలోని మతాది కొండమీద పొద్దు వాలేసరికి కరెంటు పోవడం మామూలే. పోగానే ఇరుగుపొరుగంతా తలా ఒక పీట పట్టుకుని మకియెసే వసారాలోకి చేరతారు. పిల్లలు లెక్కలు చేసుకుంటారు, పక్కింటి లుకేని బట్టలు కుడుతుంది, మకియెసే కర్రపెండలం పిండిని ఆకుల్లో చుడుతూ కూర్చుంటుంది. మధ్యలో లాంతరు వెలుగుతుంటుంది. అందులో కిరోసిన్ పోసి పంతొమ్మిదేళ్లయింది.

పెళ్లికూతురి వాళ్లకు పెళ్లికొడుకు ఇచ్చుకునే ఓలి కింద వచ్చిన లాంతరు అది. పెళ్లినాడు మకియెసే భర్త కియాలా తన అత్తగారికి ఇప్పించాడు. ఆవిడ పోయాక కూతురింటికి చేరింది. "అల్లుడు మంచి సరుకే తెచ్చాడు" అని అప్పట్లో అనుకున్నారు గాని, అంతకుమించి దాని గురించి ఎవరూ మాట్లాడుకోలేదు.

మాట్లాడుకోవలసింది రిజిస్టరు గురించి. కాంగో నది ఓడరేవులో సరుకు దించే కియాలాకు పెళ్లి నమోదు చేయించడానికి ఏనాడూ తీరిక చిక్కలేదు. "పెద్దలు పెళ్లి కల్లు తాగేశారు, ఇంకా కాగితమెందుకే?" అనేవాడు. ఆ కొండమీద సగం కాపరాలు అలాంటివే. మనిషి ఉన్నన్నాళ్లూ కాగితం అడిగేవాళ్లుండరు.

మనిషి పోయిన నలభయ్యో రోజున అతని అన్న మవుంగు వచ్చాడు.

"మన ఆచారంలో వంశం తల్లి నుంచే. మగాడి సొత్తు అతని తల్లి వంశానిది. నీ పిల్లలు నీ వంశం వాళ్లు. ఇల్లు ఖాళీ చెయ్యి."

"వాళ్ల నాన్న కట్టిన ఇల్లు బావగారూ. చట్టంలో..."

"చట్టం పెళ్లానికి. నీకు పెళ్లెప్పుడైంది? కాగితం చూపించు."

వెళుతూ వెళుతూ అతను లాంతరు వైపు చూసిన చూపును లుకేని కనిపెట్టింది. వాళ్లింట్లోనూ కరెంటు ఉండదు మరి.

మకియెసే ఇల్లు వదలకపోయేసరికి తగవు కోర్టుకెక్కింది. గది కిక్కిరిసింది. పెళ్లి చేసిన పెద్దలు ఒక్కొక్కరే పోయారు. సాక్ష్యానికి మకియెసే మేనమామ ఒక్కడు మిగిలాడు గాని ఆయనకు నిన్నటి సంగతే గుర్తుండదు. ఇద్దరు కూతుళ్లూ చెరో పక్క మకియెసే చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. ఇల్లు పోతే వీళ్లను ఎక్కడ పడుకోబెట్టాలి?

మవుంగు జడ్జమ్మతో నిబ్బరంగా చెప్పాడు. "మా తమ్ముడు చేరదీసిన మనిషమ్మా. పెళ్లీ లేదు, పేరంటమూ లేదు." ఆ తరవాత తమకు రావలసినవి చదివాడు. ఇల్లు, మంచం, రేడియో, లాంతరు.

"లాంతరు మా అమ్మది" అంది మకియెసే. ఆమె గొంతు లేవడం అదే మొదలు. తగవులో ఉన్న వస్తువు గనక లాంతరు బల్లమీదే వెలుగుతోంది.

జడ్జమ్మ కళ్లజోడు సర్దుకుంది. "ఆవిడ తల్లిదైతే మీకెలా వస్తుందయ్యా?"

ఇల్లు దాదాపు అతని చేతికొచ్చింది. మవుంగు అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. నూనె అడగని లాంతరు మీద ఆశ ఊరుకోనిస్తుందా?

"వాళ్లమ్మకెక్కడిదమ్మా? ఈ చేతులతో మోసుకెళ్లి నేనే ఇచ్చాను! రెండు మేకలు, ఆరు కుండల కల్లు, వాళ్ల నాన్నకు కోటు, వాళ్లమ్మకు ఈ లాంతరు! కొండ ఎక్కీ దిగీ నా మోకాళ్లు అరిగిపోయాయి!"

"ఎందుకిచ్చారు?"

"ఎందుకేమిటమ్మా? ఓలి!"

వెనక నుంచి లుకేని పకాలున నవ్వింది. "కాలు జారితే తీసుకోవచ్చు మవుంగన్నా, నోరు జారితేనే కష్టం!"

"ఓలి ఇచ్చారు, పెద్దలు పుచ్చుకున్నారు. అది పెళ్లే" అంది జడ్జి. "రాయించుకోకపోవడం ఆలస్యం, అంతే. ఇల్లు పిల్లలది. బతికినన్నాళ్లూ అందులో ఉండే హక్కు ఈవిడది. గుమాస్తాగారూ, పెళ్లి తేదీ రాసుకోండి."

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. కిటికీలు లేని గది. గుమాస్తా కలం ఆపి "సరిగ్గా కనబడటం లేదమ్మా" అన్నాడు.

మకియెసే లేచింది. లాంతరు తీసుకెళ్లి మవుంగు చేతిలో పెట్టింది.

"మీకు మోసిన అలవాటేగా బావగారూ, కాస్త ఎత్తి పట్టుకోండి. మా పెళ్లి రాస్తున్నారు."

గుమాస్తా కియాలా పేరు రాసి, పక్కనే ఆమె పేరు రాసి, సిరా ఆరేదాకా మవుంగు దాన్ని ఎత్తి పట్టుకునే ఉన్నాడు.