ఇసుక పోయని పీపా

తెల్లారకముందే లేచి అన్నీ సర్దిన నీమసాతా ఒక్క పని మరిచిపోయింది. ఆ ఒక్కటే కొంప ముంచింది.

మా దేశంలో ఓటంటే గోళీ. తెర చాటుకెళ్ళి, నచ్చిన నాయకుడి బొమ్మ ఉన్న ఇనప పీపా గొట్టంలో వేస్తే లోపల గంట ఒక్కసారి మోగుతుంది. ఏ పీపాకైనా అదే మోత. అడుగున ఇసుక పోస్తారు కనక గోళీ పడ్డ చప్పుడు రాదు. ఎవరు ఎవరికి వేశారో దేవుడికే ఎరుక.

బడిపంతులమ్మ నీమసాతా ఆ రోజు పోలింగ్ అధికారి. అధ్యక్షుడి పీపాలో ఇసుక పోసింది. ఎదుటి అభ్యర్థి పీపా దగ్గరికొచ్చేసరికి ఎవరో పిలిచారు. తిరిగొచ్చి, పోశాననుకుని, సీలు వేసేసింది.

మొదటి మనిషి వేశాడు. ఠంగ్‌మంది. రెండో ఆవిడ వేసింది. ఠంగ్... ఆ వెనకే గోళీ ఇనుము మీద గలగలా దొర్లింది. ఇసుక పొయ్యలేదని నీమసాతాకి అప్పుడు గుర్తొచ్చింది.

తలుపు పక్కన కూర్చున్న అధ్యక్షుడి పార్టీ ఏజెంటు అన్సుమానా చెవులు రిక్కించాడు. నోటుబుక్కు తీసి ఆవిడ పేరు రాసుకున్నాడు. పోయిన ఎన్నికల్లో అలా పేరెక్కినవాళ్ళలో ఇద్దరు ఇప్పటికీ ఇల్లు చేరలేదు.

మూడో మనిషి నీమసాతా సొంత తమ్ముడు కుతుబో. వద్దురా నాయనా అని అరవాలనుకుంది. ఠంగ్. గలగల.

"మీవాడేగా టీచరమ్మా?" నవ్వుతూ రాసుకున్నాడు అన్సుమానా. "గోళీ భలే పాడుతోంది."

వరసంతా గుసగుసలు పాకాయి. చేపలమ్మే సార్జో అవ్వ గోళీ పట్టుకుని నీమసాతా ముందే ఆగిపోయింది. "ఏం చెయ్యమంటావే తల్లీ? అది ఊరంతా వినేలా మొత్తుకుంటోందే!"

సీలు తెంచితే పోలింగే రద్దు. ఊరుకుంటే భయానికి అందరూ అధ్యక్షుడికే వేస్తారు. నీమసాతా లేచింది. వాకిట్లోకెళ్ళి, తలగుడ్డ విప్పి, దాన్నిండా ఇసుక ఎత్తుకొచ్చింది. తెర పక్కకు లాగి, అందరూ చూస్తుండగానే ఆ పీపా గొట్టంలో పోసింది.

"గోళీ తప్ప ఇంకేదేసినా జైలే. తెలుసా?" అన్నాడు అన్సుమానా.

"తెలుసు. తప్పు నాది. మతిమాలి ఇసుక పొయ్యలేదు, అందరూ వినండి." ఆమె అన్సుమానా వైపు తిరిగింది. "నా పేరూ రాసుకో."

"రాయకుండా ఉంటానా!"

సార్జో అవ్వ లోపలికెళ్ళింది. ఠంగ్. అంతే.

"ఎవరికేశావే ముసలీ?"

"నీకెందుకురా? నా గోళీ, నా ఇష్టం!" అంది అవ్వ.

మధ్యాహ్నానికి సిపాయిల జీపు వచ్చింది. కుతుబోనీ, ఆ రెండో ఆవిడనీ ఇళ్ళలోంచి లాక్కొచ్చి ఎక్కించారు. ఒక సిపాయి నీమసాతా దగ్గరికొచ్చాడు.

"ఐదింటిదాకా పోలింగుంది," అందామె. "అయ్యాక వస్తాను."

"ఆగుతాంలే. ఎక్కడికి పోతావు?" అని అతను గుమ్మంలోనే కుర్చీ వేసుకున్నాడు.

వరసలో ఇంకా నూటఇరవైమంది ఉన్నారు. ఎవరూ ఇంటికి పోలేదు. ఆమె ఏడుస్తూనే తర్వాతి మనిషి చేతిలో గోళీ పెట్టింది.