మూగనోము పట్టిన మెషీను

ఇలా దగ్గరికి జరుగు తల్లీ, ఆ ఫోను కాస్త పక్కన పెట్టు. మిరపకాయకు కోపం ఎందుకొచ్చిందో చెబుతాను.

మిరపకాయ అంటే కూరలో వేసేది కాదులే. ముక్కు మీదే కోపం ఉండే పిల్ల అని ఇంట్లో అందరూ అలా పిలిచేవారు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే ఆఫీసులో దాని ఉద్యోగం. దాని వదిన ఎంబ్రాయిడరీ వర్క్‌షాపులో చేతికుట్టు కుట్టేది. ఆవిడ సూది పడితే గుడ్డ మీద పువ్వుకు వాసన ఒక్కటే తక్కువ.

ఆ వర్క్‌షాపుకు కొత్త మెషీను వచ్చింది. కంప్యూటర్లో "ఇంత దూరం వెళ్ళు, ఇటు తిరుగు, కుట్టు" అని వరుసగా రాసి ఎంటర్ నొక్కితే చాలు. దుమ్ము పడకూడదని తలుపు మూసి ఉంచిన అవతలి గదిలో అది కుట్టుకుపోతుంది. ఆ ప్రోగ్రాము తయారుచేసింది మిరపకాయ పైఅధికారే. ఆయన్ని అందరూ మాస్టారు అనేవారు. నేర్పడానికి ఆయనా, తోడుగా మిరపకాయా వచ్చారు. ఓనరమ్మ ముందే తేల్చి చెప్పింది. "శనివారంలోగా ఈ పని నేర్చుకోనివాళ్ళు గుండీలు కుట్టే బల్లకు వెళ్ళాల్సిందే."

వదిన తన చేతుల వంక చూసుకుంది. పువ్వులు కుట్టిన చేత్తో గుండీలా!

రాయడం ఆవిడకు త్వరగానే పట్టుబడింది. పువ్వు రాసి ఎంటర్ నొక్కింది. తెర మీద ఏమీ రాలేదు. అందలేదేమో అని మళ్ళీ నొక్కింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంకోసారి నొక్కింది. తీరా తలుపు తీసి చూస్తే పువ్వు మీద పువ్వు, దాని మీద ఇంకో పువ్వు! గుడ్డ అట్టలా బిగుసుకుపోయింది. పక్కనున్నవాళ్ళ గుడ్డలదీ అదే గతి.

అవదా మరి? ఆ వర్క్‌షాపులో ఎవరైనా కత్తెర అందిస్తూ "ఇదిగో" అంటే, అందుకునేవాళ్ళు తల ఎత్తకుండానే "ఆఁ, అందింది" అంటారు. ఆ మాట వినపడేదాకా ఇచ్చినవాళ్ళు చెయ్యి వదలరు. వదిలితే ఎవరి కాలు తెగుతుందో!

"చెవిటివాళ్ళ ముందు శంఖం ఊదినట్టుంది నా పని" అన్నాడు మాస్టారు. "ఒక్కసారి నొక్కితే చాలని చెప్పానా లేదా?"

"చెప్పారు బాబూ. మరి అది ఆఁ అనదు, ఊఁ అనదు. మూగనోము పట్టిందా ఏం?" అంది వదిన.

అందరూ గొల్లుమన్నారు. మాస్టారు మాత్రం నవ్వలేదు. "తప్పుంటేనే అది మాట్లాడుతుంది. మాట్లాడలేదంటే పని జరుగుతున్నట్టు. మేమంతా అలాగే నేర్చుకున్నాం. ఇదీ అర్థం కాకపోతే గుండీల బల్లే నయం."

ఆ మాటకు మిరపకాయకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మీరు గోతిలో పడి లేచారని దారినపోయేవాళ్ళంతా పడి లేవాలా మాస్టారూ? ఆ గొయ్యి పూడ్చకూడదా?"

"అలవాటు లేనివాళ్ళ కోసం ప్రోగ్రాములో వాగుడు పెట్టమంటావా?"

"అలవాటు లేనివాళ్ళకు నేర్పడానికేగా మనం వచ్చింది! పని వచ్చినవాళ్ళకు నేర్పడానికి మనమెందుకు?"

"నా ప్రోగ్రాము జోలికి రాకు" అని ఆయన మొహం తిప్పుకున్నాడు. మిరపకాయ పళ్ళు నూరుకుంటూ వెళ్ళి వదిన చెవిలో ఏదో ఊదింది. ఆవిడ పక్కవాళ్ళ చెవిలో ఊదింది.

మధ్యాహ్నం మాస్టారికి గొంతు ఎండిపోయింది. "అమ్మా, కాసిని నీళ్ళు" అన్నాడు. ఒక్కరూ పలకలేదు. వదిన మాత్రం చప్పుడు లేకుండా లేచి బయటికి వెళ్ళింది.

"నీళ్ళమ్మా!" అన్నాడు మళ్ళీ. ఇంకొకావిడ లేచి వెళ్ళింది, నోరు విప్పకుండా.

"ఏమ్మా, మనుషులేనా మీరు? మంచినీళ్ళు అడుగుతుంటే!" అని కేకేశాడు. మూడో ఆవిడా లేచింది.

కాసేపటికి ఆయన ముందు మూడు గ్లాసులు నిలబడ్డాయి.

"ఇన్నెందుకు?"

"మీరు అడిగినన్ని తెచ్చాం బాబూ" అంది వదిన.

"తెస్తున్నామని ఒక్క మాట అనొచ్చుగా!" అనేసి, వెంటనే నాలుక కరుచుకున్నాడు.

"మేం మాట్లాడలేదంటే పని జరుగుతున్నట్టేగా" అంది మిరపకాయ. ఓనరమ్మ నవ్వు ఆపుకోలేక కుర్చీ పట్టుకుంది.

మాస్టారు ఒక గ్లాసు తాగి, మిగతా రెండింటినీ పక్కకు జరిపాడు. "సరే. ఒక్క వాక్యం. అంతకు మించి ఒప్పుకోను."

చోటిస్తే చాప పరిచే రకం మన మిరపకాయ. రెండు రాసింది. ఎంటర్ నొక్కగానే తెర మీద "అందింది, కుడుతున్నాను" అని వస్తుంది. తొందరపడి మళ్ళీ నొక్కితే "ఇదే పువ్వు దీని మీదే మళ్ళీ కుట్టమంటారా?" అని అడుగుతుంది. మాస్టారు చూసి మూలిగాడే గానీ తీసెయ్యమనలేదు.

శనివారం ఓనరమ్మ పక్కనే నిలబడి చూస్తుంటే వదిన పువ్వు రాసి ఎంటర్ నొక్కింది. "అందింది, కుడుతున్నాను" అంది తెర. "ఆఁ" అంది వదిన, చెయ్యి తీసేసింది. అవతలి గదిలో గుడ్డ మీద ఒకే ఒక్క పువ్వు, మెత్తగా, రేకు మీద రేకు ఎక్కకుండా.

"రేపట్నుంచి ఈ కుర్చీ నీదే" అంది ఓనరమ్మ.

మిరపకాయ కోపం మాత్రం చల్లారలేదు. ఆ అట్ట కట్టిన గుడ్డను తీసుకెళ్ళి ఆఫీసులో తన బల్ల పైన గోడకు తగిలించింది. ఎవరైనా "వాళ్ళకెంత చెప్పినా ఎక్కదు" అని నోరు జారితే, చెయ్యి పట్టి లాక్కొచ్చి "ముందు దీన్ని ముట్టుకో" అంటుందట.

ఇదమ్మా సంగతి. నువ్వూ రేపు ఎవరికో ఏదో నేర్పబోయి విసుక్కుంటావు. అప్పుడు ఆ మూడు గ్లాసులు గుర్తు తెచ్చుకో, మీ వాళ్ళకూ చెప్పు. ఏం, విన్నావా? ఆఁ అను మరి!