జంతుకణంలో ఆకుపచ్చ

మేనకోడలు ఆ మాట అడిగినప్పుడు ఆవిడ సింకు దగ్గర కుంచెలు కడుగుతోంది.

"అత్తా, జంతుకణంలో హరితరేణువులుంటాయా?"

"ఎందుకుంటాయే? అవి మొక్కలకి. ఎండని పట్టుకుని ఆహారం తయారుచేసేవి అవే. తొమ్మిదో తరగతికొచ్చావు, ఆమాత్రం తెలీదూ?"

"నాకు తెలుసు. నీకే తెలీదేమోనని అడిగా" అంటూ ఆ పిల్ల పుస్తకం తిప్పి చూపించింది.

అది నిన్ననే ప్రెస్సు నుంచి వచ్చిన జీవశాస్త్రం వర్క్‌బుక్కు. అందులో బొమ్మలన్నీ ఆవిడే గీసింది. పాఠ్యపుస్తకాలకు బొమ్మలు గీయడం పాతికేళ్లుగా ఆవిడ వృత్తి. పన్నెండో పేజీలో గుండ్రటి జంతుకణం, మధ్యలో కేంద్రకం, చుట్టూ మైటోకాండ్రియాలు. వాటి పక్కనే చక్కగా రెండు ఆకుపచ్చ గింజలు. గీత లాగి పేరు కూడా వేశారు: హరితరేణువు.

ఆవిడ తడిచేతులతోనే పుస్తకం అందుకుంది.

ఎలా జరిగిందో అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. మొదట వృక్షకణం గీసింది. దానిమీద పల్చటి కాగితం పెట్టి జంతుకణం కోసం నకలు దించింది. కణకవచం తీసేసింది, మధ్యలో అంత చోటు ఆక్రమించే పెద్ద రిక్తికను తీసేసింది. ఈ రెండు గింజల్ని మాత్రం మరిచిపోయింది. పైగా ప్రెస్సులో కంపోజింగు చేసే అమ్మాయి ఫోన్ చేసి, "ఈ పచ్చవాటికి పేరు లేదు మేడమ్, ఏం వెయ్యమంటారు?" అని అడిగితే, పప్పు మాడిపోతోందన్న కంగారులో, ఏ బొమ్మ అని కూడా అడక్కుండా పేరు చెప్పేసింది.

"పోనీలే అత్తా, ఎవరు చూస్తారు?"

"నువ్వు చూశావుగా!"

పాఠాలు రాసింది రిటైరైన లెక్చరర్ మాస్టారు. ఆయనకు ఫోన్ చేస్తే ముందు గయ్యిమన్నారు. "నేనిచ్చిన లిస్టులో ఆ పేరే లేదమ్మా! ఎలా వచ్చింది?" ఆవిడ దాచకుండా చెప్పింది. దాంతో ఆయన గొంతు తగ్గించి, "చూసి సంతకం పెట్టింది నేనే కదా. కళ్లద్దాలు మార్చమని డాక్టరు చెప్పి ఆర్నెల్లయింది. ఇవాళ రేపు అంటూ నెట్టుకొస్తున్నా" అన్నారు.

ఆవిడకు కాలు నిలవలేదు. ఆటో ఎక్కి ప్రెస్సుకు పరిగెత్తింది. దారిలో ప్రతి సిగ్నలూ ఆవిడ కోసమే ఎర్రబడినట్టనిపించింది.

బైండింగు గదిలో జిగురు వాసన, కటింగ్ మిషను చప్పుడు. నడుమెత్తున కట్టలు. ఫోర్‌మన్ బొమ్మ చూసి తల గోక్కున్నాడు.

"కుట్టడం అయిపోయింది మేడమ్. రెండు వేలు. ఇప్పుడు పేజీ మార్చాలంటే అన్నీ విప్పాలి."

"విప్పొద్దు. బొమ్మ సరిగ్గా గీసిస్తా. స్టిక్కరులా వేసి పాతదాని మీద అంటిద్దాం."

"రెండు వేలకా?"

"నేనూ కూర్చుంటా."

అక్కడే బల్లమీద గీసింది. గీసి, వేలు పెట్టి లెక్కపెట్టుకుంది: కణత్వచం, కేంద్రకం, మైటోకాండ్రియాలు, చిన్నచిన్న రిక్తికలు. మళ్లీ లెక్కపెట్టింది. కంపోజింగు అమ్మాయి పక్కన నిలబడి, "ఆవేళ బొమ్మ పేరు కూడా చెప్పి అడగాల్సింది నేను" అంది. "చెప్పినా అప్పుడు నా చెవికెక్కేది కాదులే" అంది ఆవిడ.

మూడు రోజులు బైండింగు ఆడవాళ్లతో కలిసి అంటించింది. వాళ్లు కబుర్లు చెప్పుకుంటూ చకచకా అంటించేవారు. ఆవిడ మాత్రం ఒక్కోటి వెలుతురుకు పట్టి చూసి మరీ పక్కన పెట్టేది. "ఇలాగైతే మీ మనవరాళ్లొచ్చి పూర్తిచెయ్యాలమ్మా" అని ఒకామె నవ్వింది. మాస్టారు కొత్త కళ్లద్దాలతో వచ్చి ఓ మూల కూర్చుని యాభై అంటించారు. వాటిలో నాలుగు తలకిందులుగా.

అంతా అయిందనుకున్నాక ఫోర్‌మన్ నెమ్మదిగా చెప్పాడు: మొదటి నలభై పుస్తకాలు ఎప్పుడో ఒక స్కూలుకు వెళ్లిపోయాయట.

మర్నాడు పొద్దున్నే ఆవిడ నలభై స్టిక్కర్లు సంచిలో వేసుకుని ఆ స్కూలుకు వెళ్లింది. సైన్సు టీచరు విషయం విని, "పాఠం చెప్పేశాను. పిల్లలు బొమ్మ కూడా దింపేశారు. నేనూ చూసుకోలేదు" అని నాలిక్కరుచుకుంది. ఇద్దరూ కలిసి తరగతిలోకి వెళ్లారు.

పిల్లల ముందు నిలబడి ఆవిడ పుస్తకంలో పన్నెండో పేజీ తెరిచి చూపించింది. "ఈ బొమ్మ గీసింది నేనే. తప్పు గీశాను" అంది.

గుసగుసలు లేచాయి. ముందు బెంచీ పిల్ల చెయ్యెత్తింది. "మనకి నిజంగానే హరితరేణువులుంటే ఏమయ్యేదండీ?"

"ఎండలో కూర్చుంటే చాలు, వంటగదికి తాళం వేసేదాన్ని."

తరగతంతా ఘొల్లుమంది. ఆవిడకు ఆ నవ్వుతో కాస్త ఊపిరాడింది. "కానీ మన కణాలకు ఆ పని రాదు. మనం తినాల్సిందే. తిన్నదాంట్లోంచి శక్తి తీసేది ఇదిగో, ఈ మైటోకాండ్రియా. ఇది మొక్కలకీ ఉంటుంది, మనకీ ఉంటుంది."

కిటికీ పక్కనున్న అమ్మాయి మాత్రం నవ్వలేదు. నోటుబుక్కులో దింపిన బొమ్మకు రంగులు పోటీకి వేసినంత శ్రద్ధగా వేసుకుంది. టీచరు ఆ పేజీ చింపి మళ్లీ గీయమంటే, చింపనని మొండికేసింది. ఆవిడ ఆ పిల్ల పక్కన ఇరుక్కుని కూర్చుని, బ్లేడు అడిగి తీసుకుని, కాగితం చిరగకుండా ఆ రెండు పచ్చ గింజల్నీ గీకింది. తెల్లబడినచోట కణద్రవ్యం రంగు అద్దింది. "అతుకు తెలీట్లేదండీ!" అంది పిల్ల అప్పటికి.

అన్నీ అంటించాక ఒక స్టిక్కరు మిగిలింది. ఒకమ్మాయి జ్వరంతో రాలేదట. "నేను అంటిస్తాలెండి" అంది టీచరు. ఆవిడ సరేనని గేటు దాకా వెళ్లి, అక్కడాగి, వెనక్కొచ్చి, "వాళ్లిల్లెక్కడండీ?" అంది.

రెండు వీధుల అవతల, మేడమీద ఇల్లు. తల్లి తలుపు తీసింది. పిల్ల దుప్పటి కప్పుకుని మంచంమీద కూర్చుంది. ఆవిడ ఆయాసపడుతూ, పన్నెండో పేజీ, తప్పు, క్షమించమని ఏదేదో చెప్పింది. పిల్ల తల్లివైపు దొంగచూపు చూసి, సంచిలోంచి పుస్తకం తీసిచ్చింది. పేజీలు ఇంకా ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి.

"నేనింకా తెరవనేలేదండీ" అంది మెల్లగా.

"బంగారుతల్లీ!" అంది ఆవిడ. మూడు రోజుల తర్వాత మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. ఆ పిల్ల తల్లి మాత్రం కూతురికేసి గుర్రుగా చూస్తూ మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది.