మేడమ్ తరఫున నొక్కిన బటన్

పంతొమ్మిదేళ్లుగా మా వినికిడి క్లినిక్‌లో ముందు బల్ల నాది. ఎవరు ఎప్పుడు రావాలో, ఎవరి చెవి మెషీన్‌కి బ్యాటరీ అయిపోవచ్చిందో, ఎవరికి కోడలంటే పడదో అన్నీ నాకు తెలుసు. మా ఆయన నాకు గూఢచారి అని పేరు పెట్టాడు. పెట్టుకోనివ్వండి, తెలుసుకోవడం నా ఉద్యోగంలో సగం.

అలాంటి నాకు మూడు నెలలుగా ఒక సంగతి మింగుడుపడటంలేదు. మేడమ్ మారిపోయారు. మేడమ్ అంటే చెవులు పరీక్షించే మా డాక్టరమ్మ. నాకన్నా ఎనిమిదేళ్లు చిన్న, నన్ను అక్కా అనే పిలుస్తారు. పరీక్ష గదిలోంచి వస్తుంటే నా బల్ల దగ్గర్నుంచి పలకరిస్తాను, పలకరు. మొన్నయితే రెండుసార్లు పిలిచినా తల తిప్పలేదు. పేరుతోపాటు పొగరు కూడా వచ్చిందనుకుని నేనూ బిగుసుకుపోయాను.

సరిగ్గా అప్పుడే అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్ వచ్చిపడింది. ఇకమీదట పేషెంట్లే ఫోన్లో ఖాళీ వేళలు చూసుకుని పేరు నమోదు చేసుకుంటారట. ఆ ఖాళీలు దానికి తెలియాలంటే మేడమ్ ఆఫీసు క్యాలెండర్‌తో కలపాలి. ఆ క్యాలెండర్ మేడమ్ ఒక్కరే చూసుకుంటారు. నాకు అందేది రోజుకో కాగితం, దానిమీద ఆనాటి పేషెంట్ల పేర్లు.

హెల్ప్‌లైన్ అమ్మాయికి ఫోన్ చేశాను. "ఆంటీ, క్యాలెండర్ ఎవరిదైతే వాళ్లే లాగిన్ అయి అనుమతి ఇవ్వాలి. పాస్‌వర్డ్ మాకు కూడా చెప్పొద్దు" అంది. ఆంటీ అన్న మంటలో మిగతాది నా బుర్రకెక్కలేదు.

మేడమ్ పరీక్ష గదిలో ఉన్నారు. చప్పుడు చొరబడని ఆ గదిలోకి ఫోన్లు తీసుకెళ్లకూడదు కాబట్టి పనివేళల్లో ఆవిడ ఫోన్ నా బల్లమీదే ఉంటుంది. పాస్‌వర్డ్ చీటీ ఏ సొరుగులో ఉందో తెలుసు, ఇన్నాళ్లూ దాంతో పనిపడలేదంతే. పాస్‌వర్డ్ కొట్టగానే నా కళ్లముందే ఆ ఫోన్‌కి కోడ్ వచ్చింది. అదీ కొట్టాను. అప్పుడు తెరమీద ఒక ప్రశ్న వచ్చింది: బిజీగా ఉన్న వేళలు మాత్రమే చూపించాలా, వివరాలన్నీ చూపించాలా? సగం సగం పనులు నాకు గిట్టవు. అన్నీ అని నొక్కాను. 'నేను అనుమతిస్తున్నాను' అన్న మాట పక్కన మేడమ్ పేరు, మేడమ్ ఫొటో. నొక్కిన వేలు మాత్రం నాది.

గంట తిరక్కుండానే లెక్కల మాస్టారు ఫోన్ చేశారు. ఆయన మా పాత పేషెంటు, ఫోన్లో మాట్లాడితే వీధి చివరికి వినిపిస్తుంది.

"అమ్మా, మంగళవారం పదకొండింటికి నాకు కావాలనుకుంటే అక్కడేదో రాసుంది. 'నా ఎడమ చెవి, రెండో పరీక్ష, పెద్దాసుపత్రి' అని. ఎవరి చెవి?"

"ఏదో పొరపాటు పడినట్టుంది మాస్టారూ" అని పెట్టేసి పేజీ తెరిచాను. ఆయన చదివినట్టే ఉంది. దాని కింద గురువారం గడిలో: 'వినికిడి తగ్గుదల, ఆపరేషన్ గురించి మాట్లాడాలి'.

మేడమ్ గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు నా బల్ల ఆవిడకి ఎడమవైపే. పొగరు కాదు, నేను పిలిచింది వినిపించలేదు. మూడు నెలలు ఆ మనిషిని మనసులో తిట్టుకున్నందుకు సిగ్గేసింది. చెవులు పరీక్షించే డాక్టరుకే వినిపించడంలేదంటే ఇంకెవరైనా మా గడప తొక్కుతారా అని భయమూ వేసింది.

మళ్లీ హెల్ప్‌లైన్‌కి చేశాను. ఈసారి ఆంటీ అన్నా కిక్కురుమనలేదు. అమ్మాయి దారి చెప్పింది: అకౌంట్‌లోకి వెళ్లి, ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవాలి. అంతే, సాఫ్ట్‌వేర్‌కి ఇక క్యాలెండర్ కనిపించదు. రెండు నిమిషాల్లో పేజీ ఖాళీ అయింది. అప్పటికే నలుగురు చూశారని పేజీ మూల లెక్క ఉంది.

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. మాస్టారికి ఏదో ఒకటి చెప్పి నమ్మించగలను. కానీ రేపు ఎవరైనా పేషెంటు మేడమ్ ముఖంమీదే అడిగితే, ఆవిడ ఏ సిద్ధపాటూ లేకుండా దొరికిపోతారు. ఆఖరి పేషెంటు వెళ్లాక లోపలికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. పాస్‌వర్డ్, కోడ్, మాస్టారు, నలుగురు, ఏదీ దాచలేదు.

మేడమ్ చేతిలోని పెన్ను మూసి పక్కన పెట్టారు. తర్వాత, "నా పేరుమీద నువ్వు సరే అన్నావా అక్కా?" అన్నారు.

"అన్నాను. తప్పు చేశాను. ఉద్యోగంలోంచి పొమ్మన్నా పోతాను."

"పోతే ఫోన్లెవరు ఎత్తుతారు? నాకు సగం వినిపించదాయె." నవ్వబోయి ఆగిపోయారు. కళ్లు తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నారు. పాస్‌వర్డ్ మార్చారు. ప్రతి ముక్కా చదివి, బిజీ వేళలు మాత్రమే అని ఎంచుకుని, తన వేలితో తనే నొక్కారు.

"పంతొమ్మిదేళ్లయింది. నాకొక్క మాట చెప్పొచ్చుగా మేడమ్?" ఉండబట్టలేక అనేశాను.

"చెప్తే నువ్వు నాతో కూడా గట్టిగా, ఒక్కో మాటే విడదీసి మాట్లాడతావు. లెక్కల మాస్టారితో మాట్లాడినట్టు. అది పడలేకే చెప్పలేదక్కా."

నిజమే, ఆ గదిలోకి వచ్చినప్పటినుంచీ నేను అరుస్తూనే ఉన్నాను. ఆపరేషన్ ఎప్పుడో, వెంట ఎవరు వెళ్తారో, ఇంట్లో చెప్పారో లేదో, నాలుక చివర వంద ప్రశ్నలున్నాయి. గూఢచారినే కదా. అయినా జీవితంలో మొదటిసారి ముందుగా అనుమతి తీసుకున్నాను.

"మేడమ్, అడగొచ్చా?"

ఆవిడ నా వైపు చూశారు. "అడుగు. ఇటు కుడివైపుకి వచ్చి అడుగు."

కుర్చీ అటు లాక్కుని కూర్చుని, గొంతు పెంచకుండా అడిగాను.