వెంకటముని రెండు రోజుల నిద్ర

సదుం నుంచి పుంగనూరు మీదుగా మదనపల్లె ఆస్పత్రికి చేరేదాకా రెడ్డెమ్మ తమ్ముణ్ణి పిలుస్తూనే ఉంది. తోటలో మోటారు వేయబోయిన వెంకటమునికి కరెంటు కొట్టింది. ఆగిన గుండెను పక్క తోట మస్తాన్ రొమ్ము నొక్కి నొక్కి మళ్ళీ ఆడించాడు. ఊపిరైతే వచ్చింది గాని తెలివి రాలేదు.

డాక్టరమ్మ మైమూనా సూది తీసింది. "నిద్రమందు ఇస్తాండాను."

రెడ్డెమ్మ ఆమె చెయ్యి పట్టేసుకుంది. పాము కరిచిన మొగుణ్ణి ఆనాడు చెంపలు వాయించి మేలుకొల్పుతూ కూర్చుందామె. చెంబెడు నీళ్ళకు పోయి వచ్చేలోగా ఆయన కళ్ళు మూశాడు. నిద్రపోయినవాడు పోయినట్టే అని అప్పటి నుంచీ ఆమెకు భయం.

"నిద్రపుచ్చితే పోతాడమ్మా! లేపుమ్మా, నీకు పున్నెముంటాది!"

"గుండె ఇంకా గట్టిగా ఆడతా లేదు రెడ్డెమ్మా. తలకు రక్తం సాలీసాలకుండా పోతాండాది. మెదడు ఊరికే ఉండదు, పనిచేస్తానే ఉంటాది. మత్తులో పెడితే ఆ కొంచెం రక్తంతోనే ఓర్చుకుంటాదని పెద్దాస్పత్రుల్లో చేసి సూస్తాండారు. ఖాయంగా బాగైతాడని నేను చెప్పలేను."

"ఖాయం లేనిదానికి సూదెందుకు?"

"వేయకపోతే ఖాయమా?"

రెడ్డెమ్మ పట్టుపురుగులు పెంచే మనిషి. పొర విడిచే ముందు పురుగు తలెత్తి కదలకుండా నిద్రపోతుంది. దాన్ని పురుగులు పెంచేవాళ్ళు జ్వరమంటారు. అప్పుడు దానికి ఆకెయ్యరు, కదిలించరు.

"జ్వరంలో పురుక్కి ఆకు అక్కర్లేదు. అట్లనా?"

"నాకు పట్టుచీర తెలుసు గాని పురుగు సంగతి తెల్దమ్మా. నువ్వే చెప్పు."

రెడ్డెమ్మ చెప్పింది. "అట్లనే" అంది డాక్టరమ్మ. రెడ్డెమ్మ చెయ్యి వదిలింది. డాక్టరమ్మ సూది వేసింది. మందుతో ఊపిరి తగ్గుతుందని నర్సులు వంతులవారీగా, గాలి అందించే రబ్బరు సంచి నొక్కుతూ కూర్చున్నారు.

కుప్పంలో పుట్టింటికి పోయి ఉన్న వెంకటముని భార్య మునిలక్ష్మి మరునాడు పరుగున వచ్చి, మొగుడి భుజాలు పట్టి కుదిపింది. "యోవ్, లెయ్! నేనొచ్చినాను సూడు!"

రెడ్డెమ్మ ఆమెను ఇవతలికి లాగింది. "నోర్ముయ్‌మే! నీ అరుపు వినేదానికీ వానికి రక్తం కావాల."

"లేపమని నిన్న నువ్వే ఏడిస్తివంట గదా వదినా!"

"నిన్న నాకు తెల్దు."

తెలిసినా సరే, పిలవకుండా కూర్చోవడం ఆమెకు పిలవడం కన్నా కష్టమైంది. అతని అరికాలు మీద చెయ్యేసి వెచ్చగా ఉందో లేదో చూసుకుంటూ ఉండిపోయింది.

మూడో రోజు పొద్దున మందు ఆపారు. మధ్యాహ్నానికి ఊపిరి తనంతట తానే తీసుకున్నాడు. సాయంత్రం కళ్ళు తెరిచాడు. డాక్టరమ్మ వేళ్ళు మడవమంటే ఎడమచెయ్యి మడిచాడు, కుడిచెయ్యి కదల్లేదు. "మెల్లగా రావచ్చు" అందామె. "మీవాళ్ళెవరో సూడప్పా."

వెంకటముని చూపు భార్య మీద కాసేపు ఆగి, అక్క మీదికి వచ్చింది. అందులో ఏమీ కనిపించలేదు. ఎవరో అనుకుంటున్నాడేమోనన్న భయంతో రెడ్డెమ్మ మొహం తిప్పుకొని వాకిలి వైపు నడిచింది.

"యాడికి..." అన్నాడు వెనక నుంచి. గొంతు గీరుకుపోయింది. "యాడికి పోతాండావు, అక్కా?"

"యాడికీ పోనురా" అంటూ వెనక్కి వచ్చి, మంచం పక్కన కూలబడి, అతని కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే మడిచి తెరవడం మొదలుపెట్టింది.