రెండో పాదం

గడియారాలు బాగుచేసే ఆమె రోజూ దుకాణం తెరవకముందే ఈతకొలనుకు వెళ్లేది. లారీ కింద పడి ఎడమకాలు మోకాలి కింద నుంచి పోయాక, ఒంటికి మంచిదని ఎవరో చెబితే మొదలుపెట్టిన ఈత అది. ఇప్పుడు తినడం, పడుకోవడం కూడా దాని కోసమే అన్నట్టు తయారైంది. ఈది పైకొచ్చి చంకకర్ర మీద నడిస్తే, గచ్చు మీద రెండు పాదాల తడి అడుగులు పడేవి.

"ఒంటికాలని పేరేగానీ తల్లీ, నాకు తుడుపు మాత్రం రెండు కాళ్లకీ తప్పట్లేదు," అని గొణిగేవాడు గచ్చు తుడిచే ముసలాయన.

ఆమెకు లోతంటే వణుకు. కొలనులో అడుగున పలకలు కనిపిస్తాయి కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చింది. కొలనులో ఆమెతో పాటు ఈదే వికలాంగుల జట్టంతా నది ఈత పోటీకి పేర్లిచ్చిన దగ్గర్నుంచి, రోజూ రాత్రి నది లోతెంతని భర్తని అడుగుతోంది.

"అంత భయమైతే మానెయ్యరాదూ?" అన్నాడు భర్త.

"మానేస్తే ఇంకా భయం. ఒడ్డు మీద అందరూ అయ్యో పాపం అంటారు. చెయ్యి సరిగ్గా వెయ్యవేం అని నన్ను తిట్టేది నీళ్లలోనే కదా!"

పోటీ రోజు నది నల్లగా ఉంది. మధ్యకు చేరేసరికి పొగమంచు కమ్మేసింది. ఒడ్డు ఎటో, వెంట వచ్చే తీర్పరి పడవ ఎటో తెలియలేదు.

"అక్కా!" పక్కనే కేక. జట్టులోని ఒంటిచేతి ఎలక్ట్రీషియన్. పిక్క పట్టేసి, ఉన్న ఆ ఒక్క చెయ్యీ ఆమె మెడకు చుట్టేశాడు. ఇద్దరూ మునిగారు. కిందికి, ఇంకా కిందికి. ఊపిరి అయిపోవచ్చింది. చచ్చాననుకుంది.

అప్పుడు లేని పాదానికి నేల తగిలింది. వేళ్ల సందుల్లోకి మెత్తటి బురద. కుడికాలు నీళ్లలో వేలాడుతూనే ఉంది. బరువంతా ఎడమకాలి మీద మోపింది. ఆ కాలు సాగుతూ, సాగుతూ ఇద్దర్నీ పైకి లేపింది. నీళ్లు గడ్డం దగ్గర ఆగాయి.

"కదలకు తమ్ముడూ. నిలబడ్డాను."

"దేని మీద?"

"ఎడమకాలి మీద."

"గట్టిగా నిలబడక్కా," అన్నాడు అతను దగ్గుతూ.

పడవ వచ్చింది. తీర్పరి ఇద్దర్నీ పైకి లాగి, ఎక్కడ నిలబడిందో ఆమె చెబితే విని, నీళ్లలోకి గెడ దించి చూశాడు. అడుగు అందలేదు.

"నేల మీద నిలబడ్డారు కదమ్మా, పోటీలోంచి తీసెయ్యక తప్పదు. ఏమీ అనుకోకండి," అన్నాడు.

ఆమె తలూపింది. పళ్లు టకటకలాడుతున్నాయి.

"భయం వెయ్యలేదా అక్కా?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"ఇంకా వేస్తూనే ఉంది," అంది. పడవ ఒడ్డుకు తగిలినా, పట్టుకున్న అతని చెయ్యి ఆమె వదల్లేదు.