ఎడమచేతి చుట్టు

తమ్ముడు పోయాక ఆ ఇంటికి పని మీద మొదట వచ్చినవాడు నాటక కంపెనీ దుస్తులాయన. కూర్చోమన్నా కూర్చోకుండా, కిటికీ పక్కన కొయ్యబొమ్మకు తొడిగి ఉన్న ఇనుప చొక్కాను చూస్తూ నిలబడ్డాడు. తీగను చిన్న చిన్న రింగులుగా కోసి, ఒకదాంట్లో ఒకటి గుచ్చి, తమ్ముడూ మరదలూ కలిసి చేతితో అల్లిన కవచం అది. మెడ, ఛాతీ, వీపు, ఒక చెయ్యి పూర్తయ్యాయి. రెండో చెయ్యి భుజం దగ్గరే ఆగిపోయింది.

"ఎలా ఉన్నదో అలాగే ఇచ్చెయ్యండమ్మా. మిగతాది ఊలుతో అల్లించి వెండి రంగు పూయిస్తాను. అంత దూరం నుంచి ఎవరు కనిపెడతారు?"

"ఊలు వద్దు. మేమే పూర్తి చేసి ఇస్తాం," అంది మరదలు.

"త్వరగా కానివ్వండి మరి. మా రాజుగారి పొట్ట రోజురోజుకీ రాజ్యంలా పెరుగుతోంది. ఆలస్యమైతే చెయ్యి సంగతి అటుంచి ముందువైపే చాలదు."

మేమిద్దరం నవ్వలేదు. అతను తల దించుకుని, చెప్పుల కోసం కాళ్ళతో వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.

నేను బడికి సెలవు పెట్టి మరదలి దగ్గర ఉంటున్నాను. ఛాతీలో నొప్పిగా ఉందని కుర్చీలో కూర్చున్న తమ్ముడు మళ్ళీ లేవలేదు. ఆ రోజు నుంచి మరదలు కంట తడి పెట్టలేదు. గుండె రాయి చేసుకుందని పక్కింటివాళ్ళు నాతోనే అన్నారు. నాకు మాత్రం ఆమె ఆ చొక్కా పూర్తయ్యేదాకా తనను తాను బిగబట్టుకుని ఉందనిపించింది. తమ్ముడి చేతిలో ఉండగా ఆగిన పని అది ఒక్కటే. దాన్ని ఊలుతో అతికించడం ఆమెకు చేతకాదు.

వాళ్ళ పని ఎప్పుడూ ఇద్దరి పనే. బల్లకు అటు కూర్చుని తమ్ముడు ఇనుప కడ్డీ మీద తీగను స్ప్రింగులా చుట్టి, నిలువునా కోసి రింగులు రాల్చేవాడు. ఇటు కూర్చుని మరదలు రెండు పట్టకార్లతో వాటిని అల్లికలో గుచ్చి మూతి మూసేది. ఇప్పుడు నేను అటు కూర్చున్నాను. తమ్ముడు కోసి ఉంచిన రింగులు ఒక డబ్బాలో ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే అందించడం నా పని.

"ఒక్కో రింగూ మరో నాలుగింటిలోంచి పోవాలి వదినా. మూడింటితో సరిపెడితే ఇవాళ నిలబడుతుంది, రేపు జారిపోతుంది."

"మా బడి పిల్లల ఎక్కాల్లాగా."

"నీ పిల్లలు జారినా నువ్వు జాలిపడి మార్కులు వేస్తావు. ఇనుము వెయ్యదు."

మోచేతి దాకా వచ్చేసరికి డబ్బా ఖాళీ అయింది. తీగ చుట్ట ఇంకా ఉంది. నేను చుడతానన్నాను. కడ్డీ తిప్పే పిడి బల్లకు ఎడమవైపు ఉంది. నాకు వీలుగా ఉండదని దాన్ని విప్పి కుడివైపు బిగించుకున్నాను. తీగ రెండుసార్లు ఎగిరి వేళ్ళు గీసింది కానీ చుట్టు బాగానే కుదిరింది. కోసి, రింగులు ఆమె ముందు పోశాను.

మరదలు మొదటిదాన్ని తీసి నొక్కింది. మూసుకోలేదు, మరింత తెరుచుకుంది. ఇంకొకటి తీసింది. అదీ అంతే. బలంగా నొక్కితే వంకర తిరిగి, అల్లికలోంచి జారి బల్ల మీద పడింది. చూస్తుండగా నోళ్ళు తెరుచుకున్న రింగులు ఆమె ముందు చిన్న కుప్ప అయ్యాయి.

పట్టకార్లు కింద పెట్టి తన చేతుల్ని ఎగాదిగా చూసుకుంది.

"వదినా, నా చేతులు పోయాయి. ఇది తప్ప నాకింకేం వచ్చు?"

అప్పుడు ఏడ్చింది. బల్ల మీద తల వాల్చి, భుజాలు అదిరేలా ఏడ్చింది. నేను లేచి వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఊరికే ఉండలేక నేను కోసిన రింగునూ, అల్లిక అంచు నుంచి ఊడదీసిన తమ్ముడి రింగునూ పక్కపక్కన పెట్టి చూశాను. తమ్ముడిది పుర్రచేతి వాటం. అతని తీగ ఎడమ నుంచి చుట్టుకుంది, నాది కుడి నుంచి. ఒకదాని మూతి ఎటు తోస్తే మూసుకుంటుందో రెండోది అటు తోస్తే తెరుచుకుంటుంది. మరదలి చేతులు ఇన్నేళ్ళూ అతను చుట్టిన రింగుల్ని మాత్రమే మూశాయి. వాటికి ఇంకో దిక్కు తెలియదు.

"నీ చేతులకేం కాలేదు పిల్లా. నేనే తిరగేసి చుట్టాను," అని రెండూ చూపించాను.

మర్నాడు పొద్దున్నే పిడిని మళ్ళీ ఎడమవైపు బిగించాను. ఏనాడూ సుద్దముక్క కూడా పట్టని నా ఎడమచెయ్యి తడబడింది. చుట్టు ఎగుడుదిగుడుగా వచ్చింది. అయినా ఆ రింగుల్ని మరదలి చేతులు వెంటనే అందుకున్నాయి. పట్టకార్లు టకటకలాడాయి. చాలా రోజుల తర్వాత ఆ గది తన పాత చప్పుడు తాను చేసుకుంది. నేనూ హుషారుగా తిప్పసాగాను.

"మెల్లగా తిప్పండి, ఏమండీ," అంది తల ఎత్తకుండానే.

చప్పుడు ఆగిపోయింది. నేను పిడి వదిలేశాను. మరదలు, నా చుట్టుతో అప్పటిదాకా అల్లిన వరస మొత్తం విప్పడం మొదలుపెట్టింది.

"పిడి కుడివైపుకే మార్చెయ్ వదినా."

"ఎందుకు? బాగానే సాగుతోందిగా."

"అందుకే. నువ్వు వచ్చేవారం బడికి వెళ్ళిపోతావు. ఆ తర్వాత చుట్టేదీ నేనే, నొక్కేదీ నేనే. నాది కుడిచెయ్యి." ఇంకో రింగు విప్పి, "ఇలాగే అలవాటు చేసుకుంటే ఎప్పుడో ఒకప్పుడు ఎదురుగా ఉన్నాడనుకుని కాఫీ కూడా కలిపేస్తాను," అంది.

మార్చాను. ఆమె నోటితో చెప్పుకుంటూ నొక్కడం నేర్చుకుంది: ఇటు కాదు, అటు. చేతులు మాట వినకపోతే వాటిని తిట్టుకుంది. పాడైన రింగుల్ని పక్కకు నెట్టింది. చీకటి పడకముందే కొన్ని శుభ్రంగా మూసుకున్నాయి.

అప్పుడు తమ్ముడి రింగులతో అల్లిన అంచు దగ్గరకు వచ్చింది. నా రింగును అతని చివరి రింగుల్లోంచి పోనిచ్చింది. పట్టకార్లు ఆనించింది. ఆనించినవి అలాగే ఉండిపోయాయి.

"ఈ ఒక్కటీ నువ్వు నొక్కు వదినా," అని ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

నేను నొక్కాను.

"అయిందా?"

"అయింది."

"లాగి చూడు."

లాగి చూశాను. ఊడి రాలేదు.